నాలుగువేళ్ళ సందు

ఫ్రీమన్ బాంట్రేగర్ నోరు మూసుకోమన్నాడు కాబట్టే ఈనస్ శ్రాక్ నోరు మూసుకున్నాడు. ఇవాళ అదే ఫ్రీమన్ వచ్చి, దేవుడి చిత్తం, ఓర్చుకో అంటున్నాడు. పోతున్నది ఫ్రీమన్ పొలం కాదు. ఫ్రీమన్ పొలం రోడ్డుకి అవతల చల్లగా ఉంది. అతని బావిలో నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. అతని గోధుమ నిన్ననే కోతయి ఇంటికి చేరింది.

రెండేళ్ళ కిందట గ్యాసు కంపెనీ వాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. ఆ కౌంటీలో నేల అడుగున ఎక్కడ చూసినా ఉప్పే. ఆ ఉప్పులోకి నీళ్ళు వదిలి, కరిగిన ఉప్పునీళ్ళు పైకి తోడేసి, పట్నంలో ధాన్యం నిలవచేసే గోపురాల కంటే పెద్ద గదులు చేసి, వాటిలో గ్యాసు కుక్కుతారు. చలికాలంలో తీసి నగరాలకి అమ్ముకుంటారు. "మీ పొలాల్లో పాతకాలపు ఉప్పునీళ్ళ గొట్టాలేవైనా ఉంటే చెప్పండి, మేమే పూడ్చేస్తాం," అని అడిగారు. చెప్పినవాడు మాత్రం నోటరీ ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసి సంతకం పెట్టాలి.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఫ్రీమన్ లేచాడు. పాత పద్ధతులు వదలని ఆ క్రైస్తవ సంఘానికి అతను డీకన్. తప్పు చేసినవాడి గడప తొక్కి అడిగే పనీ అతనిదే, లేనివాడి ఇంటికి బియ్యమో పిండో చేర్చే పనీ అతనిదే. "ప్రమాణం చెయ్యడం మనకి నిషిద్ధం. వాళ్ళ కాగితాల జోలికి ఎవరూ పోవద్దు," అన్నాడు. ఎవరూ పోలేదు. సంఘం మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క ఉప్పునీళ్ళ గొట్టం ఈనస్ ఇంటి వెనక, పందుల్ని కోసే కొట్టం నేల మధ్యలో ఉందని అక్కడ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఏటా నవంబరులో అందరూ తమ పందుల్ని బండ్ల మీద అక్కడికే తోలుకొచ్చేవారు. తాడు కట్టిన రేకు గొట్టం దించి ఉప్పునీళ్ళు తోడి, పీపాలో పోసి, దాంట్లో కోడిగుడ్డు వేసేవారు. గుడ్డు మరీ పైకి తేలితే మంచినీళ్ళు కలపాలి. పైన నాణెమంత మాత్రమే కనబడేదాకా కలపాలి. ఆ గుడ్డు చూసే పని ఈనస్ భార్య ఎల్మైనాది. ఆమె చాలంటేనే పంది తొడలు ఊరడానికి పీపాలోకి దిగేవి. ఎల్మైనా ఫ్రీమన్‌కి సొంత చెల్లెలు. అతని పంది తొడలే అందరికంటే ముందు దిగేవి.

*

సోమవారం బట్టలుతికే రోజు. ఎల్మైనా పెద్ద కాగు కోసం కొట్టంలోకి వెళ్ళి వచ్చింది.

"గొట్టం ఊపిరి తీస్తోందయ్యా," అంది.

పొలం పనికి మాత్రం సంఘం ఒప్పుకునే ట్రాక్టరు చక్రాలకి ఈనస్ గ్రీజు పెడుతున్నాడు. తలెత్తి పడమటికి చూశాడు. మబ్బు తునక లేదు. వాన వచ్చేముందు ఆ గొట్టం ఊపిరి తీయడం అతని తాత నాటినుంచీ ఉన్నదే. పైనున్న చెక్కమూత టకటకలాడుతుంది, ఆరేసిన బట్టలు ఆడవాళ్ళు లోపలికి తెచ్చుకుంటారు. రేడియో లేని ఇళ్ళకి వాతావరణ కబురు అదే.

"గట్టిగానా?"

"మూత కింద పడేసింది. మళ్ళీ పెట్టి, మీద రాయి పెట్టొచ్చా."

"అయితే పెద్దవానే. ఈ రెండ్రోజులు ఆగకూడదా దానికి!" అని గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుని, కొట్టం వైపు కాకుండా గోధుమ చేను వైపు నడిచాడు.

చేనంతా ఒకే రంగు తిరిగి ఉంది. ఒక వెన్ను తుంచి, రెండు అరచేతుల మధ్యా నలిపి, పొట్టు ఊది గింజలు నోట్లో వేసుకున్నాడు. పంటి కింద టక్కున విరిగాయి. తడి లేదు. ఇవాళ సాయంత్రమే కోత మొదలుపెట్టాలి, పొరుగున ఉన్న పెరీ యుట్సీ కోత యంత్రం ఖాళీగా ఉందో లేదో, అనుకుంటూ ఇంకో వెన్ను తుంచుతుండగా వెనకనుంచి చప్పుడు వచ్చింది. పిడుగు చప్పుడు కాదు. నేల లోపల ఎవరో పెద్ద తలుపు విసురుగా మూసినట్టు ఉంది.

తిరిగి చూసేసరికి కొట్టం కప్పు గాలిలో ఉంది. ఎటు పడాలో ఆలోచించుకున్నట్టు అక్కడే ఓ క్షణం ఆగి, కూరగాయల మడి మీద పడింది. దాని వెనకే బురదా ఉప్పునీళ్ళూ ఇంటికంటే ఎత్తున లేచాయి.

ఈనస్ పరుగెత్తాడు. ఎల్మైనా బట్టల తీగ దగ్గర నిలబడే ఉంది. చేతిలో తడి దుప్పటి ఉంది, పళ్ళ మధ్య రెండు క్లిప్పులున్నాయి. ఉప్పునీళ్ళు ఆమె టోపీ మీదినుంచి కారుతున్నాయి. క్లిప్పులు నోట్లోంచి తీసి అతని చేతిలో పెట్టింది.

"మళ్ళీ ఉతకాలి ఇవన్నీ," అంది. 

*

మర్నాటికి కంపెనీ లారీలు వాకిలంతా నిండాయి. ఏడు మైళ్ళ అవతల ఏదో ఉప్పుగదికి దించిన గొట్టం అడుగున ఎక్కడో చిల్లుపడిందట. గ్యాసు ఉప్పు పైపొర పట్టుకుని పాకుతూ పాకుతూ వచ్చి, దారి దొరికిన చోట పైకి లేచింది. దారి ఈనస్ తాతల నాటి గొట్టం. దానికి వాసన లేదు. ఊళ్ళో పొయ్యిల్లోకి పంపేటప్పుడే కుళ్ళు వాసన కలుపుతారట. కొట్టం ఉన్నచోట ఎత్తైన ఇనపగొట్టం నిలబెట్టి కొసన మంట పెట్టారు. ఆ మంట పగలూ రాత్రీ జెండాలాగా కొట్టుకుంటూ ఉంది.

దారిన పోతూ పెరీ యుట్సీ గుర్రబ్బండి ఆపాడు. "ఏం ఈనస్, మాకేమో కిరసనాయిలు దీపం వత్తి పెంచితే డీకన్ గారు ముఖం మాడుస్తాడు. నీకు ఇంత దీపం ఎలా ఒప్పుకున్నాడు?"

"వాళ్ళ చెల్లెలు చీకట్లో కుట్టుకోలేకపోతోందని పెట్టించాడు," అన్నాడు ఈనస్.

పెరీ నవ్వాడు. మంట వైపు ఇంకోసారి చూసి నవ్వాపుకుని, బండి తోలుకుపోయాడు.

కంపెనీ తరఫున మాట్లాడటానికి రస్క్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. పెద్ద డబ్బా నిండా డోనట్లు తెచ్చి ఎల్మైనా చేతికిచ్చాడు. మర్యాదస్తుడు. ఈనస్ గట్టిగా మాట్లాడినప్పుడల్లా టోపీ తీసి మళ్ళీ పెట్టుకునేవాడు.

"ఇంట్లో ఉండొచ్చండీ, గ్యాసంతా ఆ మంటలోకే పోతోంది. పొయ్యి మాత్రం వెలిగించకండి. పొలంలోకి ఇంజను దించకండి."

"గోధుమ రాలిపోతుంది."

"తెలుసండీ."

"తెలిస్తే?"

రస్క్ టోపీ తీశాడు. "ఈ గొట్టం చుట్టూ ముక్క కంపెనీ తీసుకుని కంచె వేస్తుంది. నేల ఖరీదు కట్టిస్తారు. శనివారం లోపు మీ మాట చెప్పాలి."

"ఇల్లో?"

"ఇల్లు కంచె లోపలే పడుతుంది."

"బావి?"

"బావి..." అని రస్క్ ఎల్మైనా వైపు చూశాడు.

ఆమె అప్పటికే బావిలోంచి బకెట్టు నీళ్ళు తోడి వరండా మీద పెట్టుకుని ఉంది. వంటింట్లోకి వెళ్ళి ఒక కోడిగుడ్డు తెచ్చి, మెల్లగా నీళ్ళలో వదిలింది. గుడ్డు మునగలేదు. ఒకసారి దొర్లి, పైన నాణెమంత కనబడుతూ ఆగింది. నవంబరులో అయితే చాలు అనేది. ఇప్పుడు గుడ్డు తీసి ఏప్రన్‌కి తుడిచి లోపలికి పోయింది.

"ఇంటికీ, బావికీ, పంటకీ నష్టం ఎవరిస్తారు?" అన్నాడు ఈనస్.

"అక్కడే వచ్చిందండీ చిక్కు. మేం అప్పుడు అడిగాం కదా. మీరు చెప్పి ఉంటే సిమెంటు పోసి మూసేవాళ్ళం. మీరు చెప్పలేదు కాబట్టి నష్టం మాట మా లాయర్లు ఒప్పుకోవడం లేదు. నేల ఖరీదు వరకే." మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు. "డోనట్లు ఇవాళ్టివేనండీ."

*

బుధవారం ఈనస్ గుర్రబ్బండి కట్టుకుని పట్నం వెళ్ళాడు. ఇనప సామాన్ల కొట్టు పైన లాయరు మార్గో హైన్స్ గది. ఆమెకి అరవై దాటాయి. ఎదుటివాడు చెబుతుంటే మధ్యలో మాట్లాడదు. అంతా విన్నాక అంది:

"పాత ఉప్పు కంపెనీ ఎక్కడెక్కడ తవ్విందో కోర్టు మేడ మీద పటాలున్నాయి. గ్యాసు వాళ్ళు వాటిని తిరగేసి ఉండాల్సింది. మీరు చెప్పారా లేదా అన్నది కాదు, వాళ్ళు వెతికారా లేదా అన్నది. దావా వేద్దాం. గెలుస్తాం. ఇల్లు, బావి, పంట, అన్నిటికీ కట్టిస్తాను. శుక్రవారం పొద్దున వచ్చి సంతకం పెట్టండి."

"నేను కోర్టులో ప్రమాణం చెయ్యలేనమ్మా."

"ఎందుకు చెయ్యాలి? చెయ్యెత్తక్కర్లేదు, దేవుడి పేరెత్తక్కర్లేదు. 'నిజమే చెబుతున్నా' అంటే చాలు. మీలాంటి వాళ్ళకోసమే చట్టంలో ఎప్పటినుంచో ఉంది." ఆమె కళ్ళద్దాలు తీసింది. "రెండేళ్ళ కిందటి కాగితానికీ అదే సరిపోయేది. ఎవరూ చెప్పలేదా మీకు?"

ఈనస్ ఒళ్ళో ఉన్న టోపీ అంచుని చుట్టూ తిప్పుతూ పోయాడు. ఒక చుట్టు అయ్యాక మళ్ళీ మొదలుపెట్టాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు.

కబురు అతనికంటే ముందే ఇల్లు చేరింది. పొద్దు వాలకముందే ఫ్రీమన్ వచ్చాడు. వరండా అంచున కూర్చుని, గడ్డం ఛాతీ మీదికి సర్దుకున్నాడు.

"లాయరు మెట్లెక్కావట."

"ఎక్కాను. దిగాను కూడా. మోకాళ్ళు నొప్పులు, నీ దగ్గర తైలం ఉందా బావా?"

"ఎగతాళి కాదు ఈనస్. ఇవాళ ఒక్కణ్ణే వచ్చాను. రెండోసారి ఒక్కణ్ణే రాను, ఇద్దరు సాక్షులతో వస్తాను. పద్ధతి నీకూ తెలుసు."

"పద్ధతి నాకు తెలుసు. నీకు తెలియనిది ఒకటి నేనివాళ తెలుసుకొచ్చాను. ఆ కాగితానికి ప్రమాణం అక్కర్లేదట. నిజమే చెబుతున్నా అంటే చాలట. అంతే! ఆ నోటరీని ఒక్క మాట అడిగి ఉంటే ఇవాళ నా బావిలో గుడ్డు తేలేది కాదు."

ఫ్రీమన్ కాసేపు మంట వైపు చూశాడు. అక్కడ పనివాడొకడు చెవులకి ఏదో తొడుక్కుని తిరుగుతున్నాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

"తెలియనివాడివి కూర్చోవాలి. లేచి నిలబడకూడదు."

"నేను లేచింది సంఘం తరఫున."

"తొడలు ఊరేసుకునేటప్పుడు గొట్టం సంఘానిది. పేలినప్పుడు ఈనస్‌గాడిది. బాగుంది బావా లెక్క."

"పొలం పోతే పొలం ఉంది. నా దక్షిణపు చెక్కలో ఇల్లు కట్టుకో. అందరం కలిస్తే వారంలో లేపుతాం. కలప నాది."

"నీ చెక్కలో ఇల్లు కట్టుకుని రోజూ పొద్దున లేచి నీ ముఖం చూడాలా?"

ఫ్రీమన్ ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. డీకన్లు గొంతు పెంచరు. "అన్నదమ్ముణ్ణయినా, అన్యాయం చేసినవాణ్ణయినా కోర్టుకీడ్చడం మనలో లేదు. ఈడిస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు."

"చెప్పు. వెలివేస్తాం అని నోరారా చెప్పు. అదిగో నీ చెల్లెలు అక్కడే ఉంది, ఆమె వినేలా చెప్పు."

గుమ్మంలో ఎల్మైనా బంగాళదుంపలు చెక్కుతోంది. కత్తి ఆగింది. చెక్కు తెగకుండా దుంపకి వేలాడుతోంది. ఫ్రీమన్ ఆమె వైపు చూసి, తల తిప్పుకుని లేచాడు.

"అన్నా," అంది ఎల్మైనా, "వదిన ఖాళీ సీసాలున్నాయి, పట్టుకుపో."

అతను సీసాల పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. రోడ్డు దాటేదాకా సీసాలు ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి.

"శుక్రవారం వెళ్తున్నాను," అన్నాడు ఈనస్.

ఎల్మైనా తలూపింది. చెక్కు తీయడం పూర్తిచేసి దుంపని గిన్నెలో వేసింది.

*

గురువారమంతా అతనికి చేయడానికి పనిలేదు. జూన్ నెలలో పనిలేకుండా నిలబడటం అతనికి అదే మొదలు. చేను గట్టున నడిచాడు. గాలి వీచినప్పుడల్లా వెన్నులు ఒకదానికొకటి రాసుకుని గింజలు నేల మీద పడుతున్న చప్పుడు వినిపించింది. ఎండిన నేల మీద పిచ్చుకలు దిగి తీరిగ్గా ఏరుకుంటున్నాయి. తోలబోయి, ఊరుకున్నాడు.

మధ్యాహ్నం ఎల్మైనా పిలిచింది. కొట్టంలోంచి ఎగిరి గడ్డిలో పడ్డ చిన్నబల్లని ఆమె ఎలా లాక్కొచ్చిందో గాని వరండా దాకా లాక్కొచ్చింది. పంది మాంసం ముక్కలు కొట్టే బల్ల అది. సబ్బుతో తోమి, కడిగి, ఎండలో పెట్టి ఉంది.

"దీని కాళ్ళు కాస్త కొయ్యాలయ్యా."

"ఎందుకు?"

"మన భోజనాల బల్ల ఎత్తుకి రావాలి. ఇదిగో కొలత." పుల్ల ఒకటి ఇచ్చింది. చాకుతో గాటుపెట్టి ఉంది.

సీసాలు సర్దుకోడానికి కాబోలు అనుకున్నాడు. చేతికి పని దొరికినందుకు సంతోషంగా రంపం తెచ్చాడు. బల్ల తిరగేసి, గాటు దగ్గర నాలుగు కాళ్ళకీ పెన్సిలు గీత చుట్టూ తిప్పి, మోకాలితో అదిమిపట్టి కోశాడు. పాత ఓక్ కర్ర. ఏళ్ళ తరబడి ఉప్పు తాగి రాయిలా ఉంది. రంపం పళ్ళు కీచుమన్నాయి, రంపపు పొడి తెల్లగా రాలింది. వేలు తడిచేసి పొడి నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పగానే ఉంది. బల్ల నిలబెట్టి మూలల మీద చేతులు వేసి ఊపాడు. కొంచెం కుంటింది. ఒక కాలు కింద చిత్రిక పట్టాడు. మళ్ళీ ఊపాడు.

"ఇప్పుడు కుంటడం లేదు," అన్నాడు.

ఎల్మైనా కూడా ఊపి చూసింది. "నిన్ను కట్టుకున్నందుకు బల్లలకి ఏ లోటూ లేదు," అంది. ఈ నాలుగు రోజుల్లో ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

*

శుక్రవారం పొద్దున ఈనస్ ఆదివారం చొక్కా వేసుకున్నాడు. గుర్రాన్ని బండికి కట్టి, గుంజ దగ్గర వదిలి, కాఫీ తాగడానికి లోపలికి వచ్చాడు. పొయ్యి వెలిగించే వీల్లేదు కాబట్టి ఎల్మైనా రోజూ రోడ్డు పక్క గుంటదాకా వెళ్ళి నాలుగు పుల్లలు పేర్చి కాఫీ కాచి తెస్తోంది. రొట్టె, ఆపిల్ జాము, ఊరేసిన బీట్‌రూట్ ముక్కలు పెట్టి ఉన్నాయి.

భోజనాల బల్ల పొడుగైనట్టుంది. కొత్త రెక్సిన్ గుడ్డ పరిచి ఉంది, నీలం గళ్ళది. ఎల్మైనా ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. అతని కంచం ఎప్పుడూ ఉండే చోట లేదు, ఆ చివర ఉంది. అతను ఆ చివరే కూర్చున్నాడు. కాఫీ కప్పు అందుకోబోయి మోచెయ్యి ఆనించాడు. గుడ్డ మోచేతి కింద లోపలికి దిగింది.

చెయ్యి తీశాడు. అరచేత్తో గుడ్డ తడిమాడు. అవతల చెక్క ఉంది, ఇవతల చెక్క ఉంది, మధ్యన ఏమీ లేదు. నాలుగువేళ్ళు పట్టేంత సందు.

"ఇదేంటి?"

"నువ్వు కోసిన బల్లే," అంది. "సరిగ్గా వచ్చింది ఎత్తు."

అతనికి అర్థమైంది. అయినా అర్థం కానట్టు రొట్టె ముక్క తీసుకున్నాడు. జాము గిన్నె తన దగ్గరే ఉంది. అలవాటు కొద్దీ గిన్నె ఎత్తి ఆమె వైపు చాపాడు.

ఆమె చెయ్యి ఒళ్ళోంచి లేచింది. సగం దూరం వచ్చి ఆగి, వెనక్కి వెళ్ళి ఒళ్ళో పడుకుంది.

"కింద పెట్టు," అంది.

అతను గిన్నె బల్ల మీద పెట్టి చెయ్యి తీశాడు. అప్పుడు ఆమె అందుకుంది.

"చూశావా, మరిచిపోయి చాపేశాను. చెయ్యికి అలవాటవ్వాలి."

"ఎల్మైనా."

"వెలేశాక నీ చేతిలోంచి నేనేదీ అందుకోకూడదు కదా. ఒక బల్ల మీద తినకూడదు కదా. ఆ రోజు వచ్చాక తడబడేకంటే ఇప్పుడే నేర్చుకుంటే మంచిది." గుడ్డ మీద పడ్డ రొట్టె పొడి వేలితో దగ్గరికి లాగుతోంది. "అమ్మ నాన్నకి ఇలాగే వేసేది. కారు కొన్నాడని వెలేశారు కదా ఆయన్ని, నా పెళ్ళిదాకా ఇలాగే. సందు మీద గుడ్డ బిగించి పరిచే పని మా అన్నది. ముడత పడితే అమ్మ దెబ్బ వేసేది. చూసేవాళ్ళకి ఒకటే బల్లలా ఉండాలి, అంతే."

"నువ్వు మీ అన్న ఇంటికి పోవచ్చు."

"ఎందుకు పోతాను?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నీది న్యాయం. నాకామాత్రం తెలియదా? వెళ్ళు, సంతకం పెట్టిరా. కాఫీ చల్లారిపోతోంది."

అతను కాఫీ తాగాడు. ఖాళీ కప్పు ఆమెకి ఇవ్వబోయి, గుర్తొచ్చి, సందుకి ఇవతలే పెట్టి చెయ్యి తీశాడు. ఆమె చెయ్యి చాపి కప్పు తీసుకుంది. ఈసారి తడబడలేదు.

"ఇలాగే," అంది.

బయటికి వచ్చాడు. గుర్రం మంట వైపు చెవులు నిక్కించి నిలబడి ఉంది. కళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. బండి ఎక్కలేదు. గుర్రం మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉండి, ఒక్కొక్క పట్టీ విప్పాడు. కట్టినదానికంటే విప్పడానికే ఎక్కువసేపు పట్టింది. విప్పి, గుర్రాన్ని గడ్డిలోకి తోలి, వాకిట్లో కంపెనీ పెట్టుకున్న రేకు గదిలోకి వెళ్ళాడు.

రస్క్ గభాల్న లేచాడు. "ఆలోచించుకున్నారా?"

"ఎక్కడ పెట్టాలో చూపించు."

రస్క్ కుర్చీ లాగి వేశాడు. పక్కన కూర్చున్న నోటరీతో, "వీళ్ళు చెయ్యెత్తరండీ, ప్రమాణం అడక్కండి. నిజమే చెబుతున్నా అంటారు, సరిపోతుంది," అన్నాడు. కొత్తగా తెలుసుకున్నట్టున్నాడు. ఈనస్ వైపు తిరిగి, "అంతే కదండీ?" అన్నాడు.

"అంతే," అన్నాడు ఈనస్. "నిజమే చెబుతున్నా."

*

శనివారం సంఘంలో మగవాళ్ళంతా బండ్లు కట్టుకుని వచ్చారు. సామాన్లు ఫ్రీమన్ దక్షిణపు చెక్కలో ఉన్న పాత పాడి కొట్టంలోకి చేర్చాలి. ఇల్లు లేచేదాకా అక్కడే ఉండాలి. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. పెరీ యుట్సీ మాత్రం అటక మీదినుంచి పెట్టె దించుతూ, "ఇంత బరువేంటి ఎల్మైనా వదినా, ఇందులో మా ఈనస్ కోపం సర్దావా?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

"అది ఒక పెట్టెలో పట్టదులే," అంది ఎల్మైనా.

ఫ్రీమన్ చొక్కా చేతులు మడుచుకుని పొద్దుటినుంచీ మోస్తూనే ఉన్నాడు. లాయరు మాట ఎత్తలేదు. నువ్వు మంచిపని చేశావని కూడా అనలేదు. అని ఉంటే ఈనస్ చేతిలో ఉన్న కుర్చీ ఏమయ్యేదో.

వంటిల్లు ఖాళీ అయ్యాక భోజనాల బల్ల ఒక్కటే మిగిలింది.

"ఒక పట్టు పట్టు బావా," అన్నాడు ఈనస్.

ఫ్రీమన్ ఈ చివరికి వచ్చి బల్ల అంచు పట్టుకుని ఎత్తాడు. సగం బల్లే లేచింది. మిగతా సగం ఉన్నచోటే ఉంది. మధ్యన గుడ్డ వేలాడింది.

ఫ్రీమన్ బల్ల కింద పెట్టాడు. రెక్సిన్ గుడ్డ అంచు పట్టి మెల్లగా లాగాడు. రెండు బల్లలు, ఒకటి పాతది, ఒకటి కాళ్ళు కొత్తగా కోసినది. నాలుగువేళ్ళు తిన్నగా ఆ సందులో పెట్టాడు. పట్టాయి. అలాగే ఉంచి, ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. 

గుమ్మంలో ఎల్మైనా గిన్నెల బుట్టతో ఆగింది. అన్నని చూసింది, భర్తని చూసింది, బుట్ట ఎత్తుకుని బయటికి పోయింది.

"ఎన్నాళ్ళిలా?" అన్నాడు ఫ్రీమన్ చివరికి.

"ఒక పూట," అన్నాడు ఈనస్.

ఫ్రీమన్ గుడ్డని నేలకి తగలనివ్వకుండా ఎత్తి, అంచుకి అంచు కలిపి, చేత్తో ముడతలు లేకుండా రాస్తూ మడిచాడు. మడత మీద మడత వేసి, చిన్నపిల్లాడు పెద్దవాళ్ళకి అప్పగించినట్టు రెండు చేతులతో ఈనస్ వైపు చాపాడు.

ఈనస్ అందుకోలేదు. "కింద పెట్టు," అన్నాడు.

ఫ్రీమన్ కింద పెట్టాడు. తర్వాత ఇద్దరూ చెరో చివరా పట్టి ముందు పెద్దబల్ల, తర్వాత చిన్నబల్ల మోసి బండెక్కించారు.

సాయంత్రానికి కంచె స్తంభాలు దిగాయి. గొట్టం దగ్గరనుంచి రోడ్డుదాకా, రోడ్డునుంచి వాగు ఒడ్డుదాకా గీత గీసినట్టు పాతారు. ఈనస్ బండి వెనక నడుస్తూ ఒకసారి ఆగి, కంచె అవతల చేయి పెట్టి ఒక గోధుమ వెన్ను తుంచాడు. నలిపేలోపే గింజలు చేతిలోంచి రాలిపోయాయి.

పోయింది పదిహేడెకరాల అరవై సెంట్లు, ఇంటితో, మంచినీళ్ళ బావితో సహా. అందులో పన్నెండెకరాలు కోతకొచ్చిన గోధుమ.